దసరాకి తుడిచిన మిషన్లు

జగ్గయ్యపేటలో పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఉండేది. ఎనభైల నాటి సంగతి. ఇత్తడి రేకు పెడితే డబ్బా మూతగా నొక్కి ఇచ్చే ప్రెస్సు మిషను నాది. నాది అనే అంటాను. పదకొండేళ్లు దాని మీదే పనిచేశాను. పక్కనున్న చిల్లకల్లు పత్తిరైతులు వీపున వేసుకు తిరిగిన డబ్బాల మూతలన్నీ నా చేతి మీదుగా పోయినవే.

ఆ ఏడు దసరాకి పది రోజుల ముందే ఓనరు గారు అందరినీ పిలిచారు.

"ఈసారి ఆయుధపూజ ఘనంగా చేద్దామయ్యా. మిషన్లు కొత్తవాటిలా ఉండాలి."

ఏటా ముందురోజు ఓ గుడ్డతో తుడిచి, బొట్టుపెట్టి, గుమ్మడికాయ కొట్టి ఊరుకునేవాళ్లం. ఈసారి కిరసనాయిలు, గ్రీజు, రంగు డబ్బాలు ఆయనే తెప్పించారు. మురిసిపోయాం, వెర్రివాళ్లం. పూజనాడు మా ఆవిడను తీసుకెళ్లి ప్రెస్సుకు పసుపు కుంకుమ పెట్టించాను. "మిమ్మల్ని కూడా ఓసారి ఇట్టా కిరసనాయిలేసి రుద్దాలి" అందావిడ.

మర్నాడు ప్యాంట్లు టక్ చేసుకున్న మనుషులు ఇద్దరొచ్చి, ఒక్కో మిషనూ తడిమి చూసి తలాడించి వెళ్లారు. సాయంత్రానికి నందిగామ నుంచి లారీలో పెద్ద పెద్ద చెక్కపెట్టెలు దిగాయి. ఉండబట్టలేక ఓనరు గారి దగ్గరికి వెళ్లాను.

"ఎక్కడికండీ ఇవి?"

"నైజీరియాకయ్యా. మావాళ్లతో కలిసి అక్కడ పెడుతున్నా. ఆ దేశం బయటి సరుకు రానివ్వదు, అక్కడే చేస్తే ఎంతైనా అమ్ముడుపోద్ది. స్థలం కూడా గవర్నమెంటే ఇస్తది. ఇక్కడేముంది, ఈ కరెంటు కోతలతో?"

"మరి మేమండీ?"

"మీ పనికి వంకేముందయ్యా. మీరు బాగా చూసుకోబట్టే గదా ఇందాక చూసిపోయిన మావాళ్లకి మిషన్లు నచ్చినయ్."

ఆయన చెప్పిన కారణాలు అబద్ధాలని ఇప్పటికీ అనను. కరెంటు లేక మేం గోడకు చేరగిలబడి కూర్చున్న రోజులెన్నో. ఆ మాటేదో ముందే మా మొహాన చెబితే ఆయన సొమ్మేం పోయింది? అమ్మవారిని అడ్డం పెట్టుకుని, మా అన్నం గిన్నెను మా చేతే తోమించి పట్టుకుపోయాడు. నమ్మించి గొంతు కోయడం అంటే అదే.

తెల్లారి మిషన్లు ఊడదీయడానికి బెజవాడ నుంచి కూలీలు వచ్చారు. ఒకడు నా ప్రెస్సు బోల్టును సుత్తితో బాదుతున్నాడు. చూడలేకపోయాను. వాణ్ణి పక్కకు జరగమని, పానా తెచ్చుకుని, నాలుగు బోల్టులూ మర చెడకుండా నేనే విప్పాను.

"అవి కూడా పెట్టెలో వెయ్యి" అన్నారు ఓనరు గారు. వేశాను.