కడవ కింద క్రౌను

మా వంటింటి మూలలో ఒక ఇనుప చక్రం ఉంది. చుట్టూ పళ్లు, నడుమ కడవ అడుగు సరిగ్గా కూర్చునేంత ఖాళీ. ఎండాకాలంలో దాని మీద నాలుగు నీళ్ల చుక్కలు పడితే చాలు, ఇన్నేండ్లు తోమినా పోని పాత గేరు ఆయిలు వాసన లేస్తుంది. ఆ వాసనకు మా నాయన గుర్తొస్తాడు, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. మొన్న మా కొడుకు దాన్ని కాలితో అటు జరిపి, "అమ్మా, ఈ బుక్కరాయసముద్రంలో ఎవురింట్లో కడవుండాది చెప్పు? ఫిల్టరు పెట్టుకున్యాము కదా, దీన్ని పాతినుము వాడికి ఏసేస్తా" అన్నాడు. ఏసి చూడు, అప్పుడు చెప్తా నీ పని, అన్నాను.

అది కడవ కుదురు కాదు. లారీ వెనక ఇరుసులో ఉండి చక్రాలను తిప్పే క్రౌను.

మాది యాడికి దగ్గర పల్లె. తాడిపత్రి నాపరాతి బండలు తోలే పాత లారీ ఒకటి ఉండేది నాయనకు. ఆషాఢం గాలికి దుమ్ము లేచి అన్నంలో పడే దినాలూ, వాన పడిన ఏడు పచ్చి శెనక్కాయలు ఉప్పేసి ఉడకబెట్టుకుని వీధరుగు మీద తొక్కలు గుట్టపోసిన సాయంత్రాలూ, ఉగాదికి అమ్మ ఓళిగలు కాలుస్తుంటే పెనం పక్కనే కాపు కాసి ఒకటి ఎత్తుకుని పరిగెత్తడాలూ, అన్నీ నాకు గుర్తే గానీ, అన్నిటికీ డీజలు వాసన అంటుకునే గుర్తు. ఎందుకంటే మా నాయనకు డీజలు పిచ్చి. పొద్దున లేస్తే ముఖం కడగడు, వెదురుకట్టె ఒకటి టాంకులో ముంచి తీసి తడి ఎంతవరకు ఉందో చూస్తాడు. దిగుడొస్తే ఇంజను ఆపేసి బండిని దానంతటదే దొర్లనిస్తాడు. బండెక్కిన వాళ్లు కిటికీలో చెయ్యి బయట పెడితే గాలికి అడ్డమని కోప్పడతాడు. పండగ పూట ఓళిగ మీద నెయ్యి వేస్తూ అమ్మ, "ఆ చేతులన్నా కడుక్కో అయ్యా, డీజలు ఓళిగలు నేను తినలేను" అని తిట్టేది. ఆయనకు వినపడితే కదా!

ఒక ఏడు వాన మొగం చాటేసింది. శెనక్కాయ రాలేదు, కాయ లేకుంటే పశువులకు మేతగా వేసే శెనక్కాయ చెట్ల కట్టె కూడా లేదు. అమ్మకు పుట్టింటివాళ్లు దూడలుగా ఇచ్చిన ఎద్దులు రెండుండేవి, పుల్లోడు, కర్రోడు. వాటికి అమ్మే గడ్డి వెయ్యాలి, అమ్మే కుడితి పెట్టాలి, మేము పోతే కొమ్ములాడించేవి. కొట్టంలో మేత అడుగంటింది. కణేకల్ దిక్కు కాలవ కింద వరి పండుతుంది, గడ్డి దొరుకుతుంది, కానీ మా ముసలి లారీ అంత దూరం పోయి రావాలంటే గడ్డికంటే డీజలే ఎక్కువ తింటుంది. ఊర్లో అందరూ శనివారం సంతకు పశువులను తోలేస్తున్నారు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "లారీ పెట్టుకుని నా ఎద్దుల్ని కసాయోనికి ఇస్తానా?" అంది.

నాయనకు అప్పుడు తట్టింది ఉపాయం. తాడిపత్రి షెడ్డులో మెకానిక్కు ఖాదర్ మామ పాత బస్సు ఒకటి విప్పుతున్నాడు. మా లారీ క్రౌను బరువు లాగడానికి చేసింది, చక్రం ఒక చుట్టు తిరగాలంటే ఇంజను ఊరికే గిరగిరా తిరిగి డీజలు తాగేది. బస్సుది ఎక్కిస్తే అదే దోవకు ఇంజను తక్కువ తిరుగుతుంది. ఖాదర్ మామ బిగించి, చేతులు గోనెపట్టకు తుడుచుకుంటూ చెప్పినాడు: "గడ్డికి బెంగ లేదన్నా, గాలి మాదిరి పోతాది. బండలు మాత్రం ఎయ్యొద్దు. మిట్టెక్కదు."

"నాకు తెల్దా ఏమప్పా!" అన్నాడు నాయన. అమ్మ అడిగితే ఊడదీసిన పాత క్రౌను ఇంటికి తెచ్చి ఇచ్చినాడు. ఆమె దాన్ని చింతపండు వేసి తోమి కడవ కింద పెట్టుకుంది.

బయలుదేరే పొద్దు అమ్మ లారీ తలుపు పట్టుకుని, "శనివారం లోపల గడ్డి ఇంట్లో ఉండల్ల. ఎద్దులు మోకాళ్ల మీద పడినాయంటే మళ్ల లేవవు" అంది. బడి సెలవులు కాబట్టి నేనూ ఎక్కినాను. నా పని కిలోమీటరు రాళ్లు చదవడం. క్రౌను మార్చినాక మీటరు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తోందని నాయన దానితో మాటలు మానుకున్నాడు.

ఊరు దాటిందో లేదో, బండి బండల ఫ్యాక్టరీ దగ్గర ఆగింది. గుంతకల్లులో ఎవరికో బండలు కావాలంట. లారీ వాళ్లకు ఒక జబ్బు ఉంది, ఖాళీ బండి తోలడమంటే వాళ్లకు ఉత్త విస్తరి ముందు కూర్చున్నట్లే. ఖాదర్ మామ వద్దన్నాడు కదా నాయనా అన్నాను. "సగమే కదా పాపా! ఉత్తబండి పోతే డీజలు మట్టిలో పోసినట్లు" అన్నాడు. ఏం చెప్పాలి ఈ మనిషికి!

గుత్తి దాటినాక మిట్ట మొదలైంది. సగం ఎక్కి బండి మూలిగింది. ఫస్టు గేరులో కూడా కదల్లేదు. నాయన క్లచ్చు తొక్కుతాడు, వదుల్తాడు, మళ్లీ తొక్కుతాడు. కాలిన వాసన, తెల్లటి పొగ. నేను దిగి చక్రం కింద రాయి పెట్టినాను. క్లచ్చు ప్లేటు మాడి మసైపోయింది. కొత్తది తెప్పించడానికీ, బండలన్నీ దించి రోడ్డు పక్క పేర్చడానికీ, విప్పి బిగించడానికీ దినాలకు దినాలు పోయినాయి. పొద్దస్తమానం గుడిసె హోటల్లో ఉగ్గాని, బజ్జీ. మొదటి దినం అమృతం, తర్వాత చూస్తేనే వెగటు. శనివారం ఎప్పుడొస్తుంది నాయనా అని అడిగితే లేచి పోయి టాంకులో కట్టె ముంచి చూసేవాడు.

బండలను వేరే లారీకి ఎత్తించి మేము ఉత్తబండితోనే పోయినాము. కణేకల్లో కాలవ నీళ్లు చూసి నేను నోరు తెరిచినాను. గడ్డి ఆకాశమెత్తు వేసినారు. తిరుగు దోవలో మాత్రం, అబ్బ, ఆ బండి పోయిందే పోవడం! ఇంజను చప్పుడే లేదు. నాయన ఈలేసినాడు. ఇంటి ముందు దిగీదిగక ముందే కట్టె ముంచి తీసి, "ఏమే, బయటికి రా! తడి యాడిదాకా ఉండాదో చూడు, సగం గూడా తాగలేదు!" అని కేకేసినాడు.

అమ్మ కొట్టం గడప మీద కూర్చుని ఉంది. లేవలేదు. కట్టెను చూసింది, గడ్డిని చూసింది.

"ఎవురికప్పా ఈ గడ్డి?" అంది.

శనివారం సంత మేము రావడానికి ముందు దినమే అయిపోయింది. కర్రోడు మోకాళ్ల మీద పడినాడంట. పడిన ఎద్దును ఎవురూ కొనరని, ఎట్లనో లేపి నిలబెట్టి అమ్మ ఆ కాసేపట్లోనే రెండింటినీ సంతకు తోలుకుని పోయి ఇచ్చేసి వచ్చిందంట, ఒక్కతే.

కొన్ని దినాలకు నాయన మెల్లగా వంటింటి గడప దగ్గరికి వచ్చి, పాత క్రౌను ఇస్తే మళ్లీ ఎక్కించుకుని బండలు తోలుకుంటానన్నాడు. అమ్మ పొయ్యి ముందు నుంచి తిరక్కుండా, "దాని మీద నీళ్లుండాయి" అంది. ఆయన అడిగినప్పుడల్లా అదే మాట. ఒక్కసారి కూడా కడవ ఎత్తలేదు. బండలు లాగలేని లారీతో నాయన ఆ ఎండాకాలమంతా ఊరూరికీ గడ్డే తోలినాడు. ఎవరెవరి ఎద్దులో బతికినాయి.

ఇప్పుడు లారీ లేదు, నాయన లేడు, అమ్మా లేదు. మా పల్లెలో కొట్టాలు షెడ్లైనాయి, ఎద్దు కనపడితే పిల్లలు ఫోను తీస్తారు. మా కొడుకు కొత్త కారు లీటరుకు ఎంత ఇస్తుందో తెర మీద తానే చూపిస్తుందంట, వాడు అది రోజూ నాకు చదివి వినిపిస్తాడు. ఆ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఈ పొద్దు బజారుకు పోయి మట్టి కడవ ఒకటి తెచ్చినాను. నిండా నీళ్లు పోసి క్రౌను మీద పెట్టినాను. పాతినుము వాడు వీధిలో అరుస్తుంటే మా వాడు వంటింట్లోకి వచ్చినాడు.

"దాని మీద నీళ్లుండాయి" అన్నాను.