ఆటులో మగవాళ్లు, పోటులో మేము

ఇరవై ఐదేళ్లు దాటినవాళ్లకి పెట్టే ఈత పోటీలని మాస్టర్స్ అంటారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. అందులో ఎక్కువమంది పొట్ట లోపలికి పీల్చి ఫొటో దిగే పెద్దమనుషులే. అయినా నాకు వెళ్లాలని ఉండేది. నలుగురిలో నోరు విప్పలేను గానీ, నీళ్లలో ఎవరూ మాట్లాడమని అడగరు. వెళ్లాలంటే వంద మీటర్లు వాళ్లు పెట్టిన క్వాలిఫైయింగ్ టైం లోపల ఈదాలి. నాకు ఆ టైం వస్తుందా రాదా అన్నదే ఆ చలికాలమంతా నా బెంగ.

యానాంలో మా క్లబ్బుకి కొలను లేదు. గోదావరి ఉంది. ఆ టైం చూసే ట్రయల్స్ రోజున గట్టు మీద షామియానా వేశారు. ముగింపు ముఖ్య అతిథికి దగ్గరగా కనబడాలని ఎగువన ఒక పడవ, దిగువన షామియానాకి ఎదురుగా మరో పడవ కట్టి, మధ్య దూరం తాడుతో కొలిచారు. ముందు మగవాళ్లు. అప్పటికి ఆటు మంచి జోరు మీద ఉంది, నీళ్లన్నీ సముద్రం వైపు లాగుతున్నాయి. క్లబ్బు ప్రెసిడెంటుగారు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి. ఆయన నాలుగు బారలు వేశారు, మిగతావి గోదావరి వేసింది. అందరూ క్వాలిఫై అయ్యారు. ఒకాయన వెల్లకిలా తేలుతూ అయ్యారు.

తర్వాత ఆడవాళ్లం. మా వంతుకి ముందు సన్మానం, సన్మానానికి ముందు ముఖ్య అతిథి రాక, రాకకి ముందు ఆయన కోసం ఎదురుచూపు. శాలువాలు, ఉపన్యాసాలు, బజ్జీలు. మహిళలు ఎలా ముందుకు దూసుకుపోవాలో ఆయన చెబుతున్నంతసేపూ మా వెనక నీరు తిరుగుతూనే ఉంది. మేము దిగేసరికి పోటు వచ్చేసింది, సముద్రం నీళ్లు ఎగువకి తోస్తున్నాయి. ఎంత ఈదినా షామియానా దగ్గరికి రాదు. గుర్రపుడెక్క గుబురొకటి ఎదురొచ్చి, నన్ను దాటి, తీరిగ్గా ఎగువకి వెళ్లిపోయింది. ముగ్గురమూ తప్పాం.

"ఆడపిల్లలు ప్రాక్టీసు పెంచాలమ్మా" అన్నారు ప్రెసిడెంటు, శాలువా సర్దుకుంటూ.

"పోటుకి ఎదురీదామండి. నీరు నిలిచినప్పుడు ఇంకోసారి పెట్టండి" అన్నాను. ఆయనకి వినబడలేదు. నా బట్టలు పట్టుకుని గట్టు మీద కూర్చున్న మా మేనత్తకి వినబడింది. ఆవిడ ఫరంపేటలో, చేపల వేటకెళ్లే ఇంటి కోడలు.

"ఏవండీ ప్రెసిడెంటుగారూ, పిల్ల నీరు నిలిచాక ఈదుతానంటంది."

"రూల్సు ఒప్పుకోవండి. గోదారి మీ పిల్ల టైముకి రావాలంటే ఎలాగ?"

"మీ టైముకి వచ్చింది కదండీ. పోనీ, మీరే ఇప్పుడోసారి దిగండి. పిల్లలు చూసి నేర్చుకుంటారు."

గట్టంతా నవ్వారు. ముఖ్య అతిథి కూడా నవ్వారు, అదే పనిచేసింది. మర్నాడు ఆటుకీ పోటుకీ మధ్య నీరు నిలిచే కాసేపట్లో మాకు మళ్లీ పెట్టారు. మగవాళ్లకి అక్కర్లేదట, వాళ్ల టైములు అప్పటికే పైకి పంపేశారట. నేను వెంట్రుకవాసిలో క్వాలిఫై అయ్యాను.

పోటీలు జరిగిన పెద్ద ఊళ్లో నెమ్మదిగా ఈదేవాళ్లని పొద్దున్నే, వేగంగా ఈదేవాళ్లని చివర్న దింపారు. నన్ను మొదటి బ్యాచిలో, ఖాళీ కుర్చీల ముందు దింపారు. మూడోదాన్నయ్యాను. గోదావరిలో వచ్చిన టైమే ఇంచుమించు అక్కడా వచ్చింది. అంటే అది నాదే. ఇడ్లీ తిని, గ్యాలరీలో మంచి చోటు చూసుకుని, చివరి బ్యాచి కోసం కూర్చున్నాను. పంపిన టైము చూసి ప్రెసిడెంటుగారిని అందులో, అందరికన్నా వేగమైనవాళ్ల మధ్య పెట్టారు. ఆయన గోడ తాకేసరికి మిగతావాళ్లు తల తుడుచుకుని చొక్కాలు వేసుకుంటున్నారు.

"కొలనులో నీళ్లు బరువండీ" అన్నారు తిరిగొస్తుంటే, వ్యానులో.

"ఆయ్" అన్నారు ట్రెజరరు. "పై ఏడాది ట్రయల్స్ అమావాస్యకి పెడదామండి. ఆటు లాగుడు బాగుంటది."

"ఈసారి ఆడపిల్లల్ని కూడా ఆటుకే దింపుదాం, పాపం" అంటూ ప్రెసిడెంటుగారు నా వైపు దయగా చూశారు.

"నాకు నిలిచిన నీరు చాలండి" అన్నాను.

"పిచ్చిపిల్ల" అని ఆయన శాలువా కప్పుకుని కునుకు తీశారు.