పేరు తెగిపోయిన చిన్న తెల్ల మాత్ర

ఈ సంగతి నేను రాయకపోతే అబద్ధమే మిగిలిపోతుంది. మా ఆఫీసు గేటు దగ్గర ఎవరిని అడిగినా, సెక్యూరిటీ పెద్దాయన మందు వేసుకోవడం మర్చిపోయాడు, అందుకే గుండె పట్టేసింది అంటారు. డాక్టరుకీ, సూపర్‌వైజరుకీ ఆయనే అలా చెప్పాడు. ఆయన మర్చిపోలేదు. నేను మానెయ్యమన్నాను, మానేశాడు. అలా చెప్పడానికి నాకున్న అర్హతల్లా లైబ్రరీలో కూర్చుని చదువుకున్న చదువు. అది ఎలాంటి చదువో, ఎక్కడ తప్పిందో కూడా రాస్తాను. పేరు లేని మాత్ర చూసి ఇది ఫలానా అని చెప్పేవాళ్లు ఈ రోడ్డు మీద నేనొక్కడినే కాదు.

నేను కంపెనీ క్యాబ్ నడుపుతాను. పొద్దున ఉద్యోగుల్ని ఆఫీసులో దింపితే, మళ్లీ సాయంత్రం వరకు బండి గేటు పక్క రోడ్డు మీద నిలబెట్టుకుని ఉండాలి. రోజుకు ఇరవై మంది నా బండి ఎక్కుతారు. ఎక్కగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు, ఓటీపీ చెబుతారు, అంతే. నేను "సీటు బెల్టు మేడమ్" అంటాను. ఖాజాగూడలో నా గది తాళం తీసేసరికి, ఆ రోజు నేను విన్న మనుషుల మాటల్లో ఎక్కువ భాగం నాలుగంకెల నంబర్లే.

నా భార్య పోయి మూడేళ్లు. తొమ్మిదేళ్లు ఆమెకు బీపీ, షుగర్ మందులు తెచ్చింది నేనే. అవి ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తాయో ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె పోయాక ఆ మందుల డబ్బా పారెయ్యలేక, వారాంతపు సెలవు రోజు కూకట్‌పల్లి లైబ్రరీకి పట్టుకెళ్లాను. నర్సింగ్ పిల్లలు చదివే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది, అట్ట ఊడిపోయి ఉంది. నాది పదో తరగతి. డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటి రోజు పేజీన్నర చదివాను. ఎనిమిది నెలల్లో పుస్తకం పూర్తిచేశాను. రెండు వందల పేజీల నోటుబుక్కులు మూడు నిండాయి. ఈ మాట గొప్పగానే చెబుతున్నాను. నా జీవితంలో నేను పూర్తిగా చేసిన పని అదొక్కటే.

అప్పుడు తెలిసింది, ఆమె డబ్బాలో ఉన్నవి ఒకదానికొకటి సంబంధం లేని మాత్రలు కావని. షుగర్ మాత్ర, మనం ఏమీ తినకపోయినా కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే చక్కెరను తగ్గిస్తుంది. గ్యాస్ మాత్ర, కడుపు గోడలో ఆమ్లాన్ని తోడే పంపుల్ని ఆపుతుంది. తిండి పడ్డప్పుడే ఆ పంపులు పనిలోకి దిగుతాయి కాబట్టి దాన్ని టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. నేను ఆమెకు అన్నం తిన్నాక ఇచ్చేవాణ్ణి. కొలెస్ట్రాల్ మాత్ర పనిచేసేది కూడా కాలేయంలోనే. ఇక బీపీ మాత్ర, రక్తనాళాలను బిగించే ఒక పదార్థం తయారు కాకుండా అడ్డుపడుతుంది. ఆ జాతి మందులు వాడేవాళ్లలో కొందరికి పొడిదగ్గు వస్తుందని, దగ్గుమందు తాగినా తగ్గదని, డాక్టరు మందు మారిస్తే తగ్గుతుందని ఆ పుస్తకంలో ఉంది.

ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చివరి ఏడాదంతా ఆమె దగ్గుతూనే ఉంది. ఫ్రిజ్ నీళ్లు తాగుతావు కాబట్టే అని నేను తిట్టేవాణ్ణి. ఆమె పోయింది ఆ దగ్గు వల్ల కాదు, వేరే కారణం. అయినా ఏడాదిపాటు తన తప్పు కానిదానికి మాట పడింది.

ఆ తర్వాత నాకొక అలవాటు పట్టుకుంది. ఎవరి చేతిలో మాత్ర కనిపించినా అడిగేవాణ్ణి. డ్రైవర్లు నవ్వేవాళ్లు, కానీ డాక్టరు రాసిన చీటీలు కూడా తెచ్చేవాళ్లు. ఇద్దరు ముగ్గురికి పనికొచ్చే మాటే చెప్పాను. ఒకతను రెండు చోట్ల చూపించుకుని, రెండు రంగుల అట్టల్లో ఒకే మందు రెండుసార్లు వేసుకుంటుంటే పట్టుకున్నాను. అప్పటినుంచి నా మాటకు విలువ పెరిగింది. నాకూ పెరిగిందనిపించింది.

గేటు దగ్గర బండ్లు బయటికి వెళ్లేవైపు అడ్డుకర్ర ఎత్తి దించే పెద్దాయనతో నాకు మాటలు అలాగే కలిశాయి. మహబూబ్‌నగర్ వైపు మనిషి, అరవై దాటాయి. చదువు రాదు. మధ్యాహ్నం ఆయనకు అరగంట విడుపు. నా బండి నీడలో కూర్చుని ఇద్దరం టిఫిన్లు విప్పేవాళ్లం. నన్ను తమ్మి అనేవాడు, ఎగతాళి పుట్టినప్పుడు డాక్టర్ సాబ్ అనేవాడు. ఆ అరగంట కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూసేవాణ్ణని ఆయనకు తెలియదు.

ఒకరోజు జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీసి నా ఒళ్లో పెట్టాడు.

"గిండ్ల నీళ్ల గోలి ఏదో జర చూడు తమ్మి."

"నీళ్ల గోలీనా?"

"ఒంటికి తెచ్చే గోలి. మాటిమాటికి పోవుడైతుంది. నేను పోతే కర్ర ఎవడు ఎత్తాలె? నిన్న సూపర్‌వైజర్ ఏమన్నడో ఎరికేనా? తాత, నీకు గేటు కాదు, బాత్రూం డ్యూటీ వేస్త అన్నడు. అందరి ముంగట."

నవ్వుతూనే చెప్పాడు, కానీ అన్నం సగంలో మూతపెట్టేశాడు.

సంచిలో నాలుగు రకాల రేకు ముక్కలున్నాయి. మా వైపు మందుల షాపులో అట్ట మొత్తం కొనేవాళ్లు తక్కువ. అయిదు మాత్రలంటే కత్తెరతో అయిదే కత్తిరించి ఇస్తారు. పేరు, తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. మనకు వచ్చేది వెనక అడ్డగీతలు తప్ప ఏమీ లేని రేకు. ఆయన పసుపుది పొద్దుగాల, తెల్లవి రెండు పూటలా అని రంగుతో గుర్తు పెట్టుకున్నాడు. చీటీ లేదు, వానకు తడిసి పోయిందట.

"దేనికి వాడుతున్నావన్నా?"

"బీపీకి."

"బీపీ ఒక్కటేనా?"

"ఇంకేముంటది?"

తెల్లవి రెండు రకాలు, ఒకటి కొంచెం పెద్దది, ఒకటి చిన్నది. నా భార్య కొన్నాళ్లు వాడిన నీళ్ల మాత్ర సరిగ్గా ఈ చిన్నదానిలాగే ఉండేది. మూత్రపిండాల దగ్గర ఉప్పును తిరిగి లోపలికి పీల్చుకోనివ్వకుండా చేస్తుంది, ఉప్పు వెంట నీళ్లూ బయటికి పోతాయి, అందుకే మాటిమాటికి వెళ్లాల్సి వస్తుంది అని ఆయనకు వివరంగా చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. ఆ వినడం నాకెంతో బాగుంది.

"ఇదే అది," అన్నాను చిన్నదాన్ని చూపించి. "డాక్టరుకు చూపించుకునేదాకా నాలుగు రోజులు మానెయ్యి."

"పక్కానా?"

"పుస్తకం మొత్తం చదివానన్నా."

నాలుగో రోజు ఆయన, "గిట్లనే ఉంది తమ్మి, ఏం తక్కువ కాలే," అన్నాడు. నీళ్ల మాత్ర నిజంగా ఆపి ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే తేడా తెలియాలి. ఆ సంగతి నా నోటుబుక్కులోనే ఉంది. ఆయన అన్న ఆ ఒక్క మాటతో నేను తెలుసుకోవలసింది. "ఒంట్లోంచి పోవడానికి టైం పడుతుంది" అని అప్పటికప్పుడు కల్పించి చెప్పాను. నా తప్పు ఎక్కడ అని అడిగితే, మొదటి రోజు కాదు, ఇక్కడ అంటాను. మొదటి రోజు తెలియక చెప్పాను. నాలుగో రోజు మాట పోతుందని చెప్పాను.

ఆరో రోజు పొద్దున పదిన్నరకు గేటు దగ్గర హారన్లు ఆగకుండా మోగుతుంటే దిగి చూశాను. కర్ర కిందే ఉంది. ఆయన ఫుట్‌పాత్ అంచున కూర్చుని ఛాతీ పట్టుకుని ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే నాడి లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది. బండిలో పడుకోబెట్టి, దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడ ఒక నర్సమ్మ సంచిలోని రేకు ముక్కలన్నీ ట్రేలో పోసింది. "వీటి పేర్లేంటండి? ఈమధ్య ఏదైనా ఆపారా?"

"నేనే యాది మర్సిన అమ్మా, ఒక దాన్ని," అన్నాడు ఆయన, ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి. నా వైపు చూడలేదు.

నేను మాట్లాడలేదు. ఎంతసేపో చెప్పలేను, కానీ డాక్టరు వచ్చి, ఈసీజీ చూసి, ఒకటి మర్చిపోయినంత మాత్రాన ఇలా అయిందంటే డోసులు పెంచాలేమో అనుకుంటున్నంతసేపు. అప్పుడు నర్సమ్మ వెనకాలే వెళ్లాను.

"చిన్న తెల్లది ఆపాడమ్మా. మర్చిపోలేదు. నేను మానెయ్యమన్నాను."

"మీరేమవుతారండి ఆయనకి?"

"డ్రైవర్ని."

"ఎన్ని రోజులైందండి?"

"ఆరు."

ఆమె తిట్టలేదు. "దాని పేరు కావాలండి, ఇప్పుడే," అంది. రేకు ముక్క పట్టుకుని, ఆయన గోలీలు కొనే ఖాజాగూడ మందుల షాపుకు పరిగెత్తాను. షాపాయన డ్రాయరులో సగం సగం అట్టలన్నీ వెతికి, మా ముక్క అంచుకు సరిగ్గా అతికే సగం తీశాడు. పేరు చదవగానే ఏ జాతి మందో తెలిసిపోయింది. నీళ్ల మాత్ర కాదు. బీటా బ్లాకర్.

దీని గురించి నోటుబుక్కులో రెండు పేజీలు రాసుకున్నాను. కంగారు పుట్టించే ఆడ్రినలిన్ వచ్చి ఆగడానికి గుండె మీద కొన్ని చోట్లు ఉంటాయి, మా పార్కింగు గళ్లలాగా. అది వచ్చి ఆగితే గుండె వేగం పెరుగుతుంది. ఈ మందు ముందే వచ్చి ఆ గళ్లలో నిలబడుతుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే, ఒళ్లు ఊరుకోక కొత్త గళ్లు గీసుకుంటుంది. మందును నెమ్మదిగా తగ్గిస్తే ఫరవాలేదు. ఒక్కసారిగా తీసేస్తే, పాతవీ కొత్తవీ గళ్లన్నీ ఖాళీ అయి, ఆడ్రినలిన్ మొత్తం ఒకేసారి లోపలికి దూసుకొస్తుంది. హఠాత్తుగా ఆపకూడదన్న వాక్యం కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసుకున్నది నేనే.

ఆయనకు మూడేళ్ల కిందటే ఒకసారి గుండెనొప్పి వచ్చిందట. ఫిట్‌నెస్ లేదని పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఆ మందు మళ్లీ మొదలుపెట్టారు. అయిదో రోజు ఇంటికి పంపారు. ప్రాణం దక్కింది, గేటు దక్కలేదు. చందానగర్‌లో ఉన్న కూతురు వచ్చి తీసుకుపోయింది.

నెల తర్వాత సెలవు రోజు బత్తాయిలు తీసుకుని వెళ్లాను. కూతురు తలుపు దగ్గరే నిలబడింది. చెప్పాలనుకున్నది మొదలుపెట్టాను.

"నాకు ఎరికే," అంది. "నర్సమ్మ చెప్పింది. మా నాయన మాత్రం నేనే మర్సిన అనే అంటుండు. మీ మీద ఈగ వాలనిస్తలేడు."

"ఒకసారి చూసి వెళ్తానమ్మా."

"వద్దు బాబాయ్. మిమ్మల్ని చూస్తే మళ్ల గోలీల ముచ్చటే. ఇగ రాకున్రి."

లోపల టీవీ మోగుతోంది. ఆయన ఎవరొచ్చారని అడిగాడు. "ఎవలు లేరు నాయనా," అంది. బత్తాయిలు మాత్రం తీసుకుంది.

ఇప్పుడు గేటు దగ్గర కొత్త మనిషి. మధ్యాహ్నం టిఫిను బండి లోపలే, ఏసీ ఆపేసి తింటాను. లైబ్రరీకి వెళ్లడం మానలేదు. ఎవరైనా రేకు ముక్క చూపిస్తే, పేరున్న సగం తెచ్చుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమంటాను. పొగరెక్కిందంటున్నారు.

పేరుపేరునా కృతజ్ఞత చెప్పాలని ఉంది, కానీ ఇందులో ఎవరి పేరూ పెట్టకూడదనుకున్నాను. ఒక డ్రైవరుకు ఈ పుస్తకం ఎందుకని ఒక్కసారీ అడగని లైబ్రేరియనమ్మకు. తిట్టకుండా పేరు ఒక్కటే అడిగిన నర్సమ్మకు. ఇప్పుడు అట్ట కత్తిరిస్తే మందు పేరు కవరు మీద రాసిస్తున్న షాపాయనకు. ఆ రోజు సాయంత్రం నేను ఆసుపత్రి నుంచి వచ్చేదాకా యాభై నిమిషాలు ఎండలో నిలబడి కూడా నా మీద కంప్లయింటు పెట్టని ఆరో నంబరు పికప్ అమ్మాయికి. తలుపు దగ్గరే నిజం నాకంటే ముందు చెప్పేసిన ఆ కూతురికి.

అన్నా, నీకు కూడా. నువ్వు చదవలేవు. ఈ కాగితం చందానగర్ పంపిస్తున్నాను. నీకు చదివి వినిపించాలో వద్దో మీ అమ్మాయి ఇష్టం.