ఎప్పో మాస్టారి అద్దాలు

ఎప్పో వీర్సెమా మాస్టారికి ఎవరు ఎదురుపడినా ముందు జేబులోంచి గుండ్రటి అద్దం తీసి వాళ్ళ మూతి ముందు పెడతాడు. పలకరింపు ఆ తర్వాతే. మా ఊరు డెల్ఫ్‌జైల్ రేవులో పనిచేసేవాళ్ళకి ఇంగ్లీషు పలకడం నేర్పడం ఆయన ఉద్యోగం. పన్నెండేళ్ళుగా ఆ అద్దాలు తుడవడం నా ఉద్యోగం. కాగితాల మీద మాత్రం నన్ను సహాయ ఉపాధ్యాయురాలంటారు.

మావాళ్ళు ఇంగ్లీషుకి నోరు తెరవరు, అదీ ఆయన బాధ. 'బ్యాంకు' అనమంటే 'బెంకు' దగ్గరే ఆగిపోతారు. మా ఊళ్ళో ఎవరూ ఇంటి కిటికీలకి తెరలు కట్టరు గానీ నోటికి కడతారు. బార్లా తెరిస్తే గొప్పలు పోతున్నారనుకుంటారని భయం. అందుకని క్లాసులో అందరికీ తలో అద్దం పంచి, "ఎవరి నోరు వాళ్ళు చూసుకోండి. పక్కవాళ్ళ నోటితో మీకేం పని?" అనేవాడు.

రొట్టెల కొట్లోనూ ఇదే వరస.

"మాస్టారూ, మీకు రొట్టె కావాలా, నా పళ్ళు కావాలా?"

"ముందు పళ్ళు చూపించవయ్యా. రొట్టె ఎక్కడికి పోతుంది?"

ఆయనతో బజారుకెళ్తే నాకు తల కొట్టేసినట్టుండేది.

మా క్లాసులో హిల్యే అని రేవు క్యాంటీన్లో సూప్ వడ్డించే ఆవిడ ఉండేది. ఓడలకి రేడియోలో దారి చెప్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఇంగ్లీషు నోటి పరీక్ష గట్టెక్కితే ఆ కుర్చీ ఆవిడది, లేకపోతే జన్మంతా సూపే. కానీ రెండేళ్ళ కిందట ముఖానికి పక్షవాతం కొట్టి మూతి ఎడమవైపు జారింది. అప్పట్నుంచీ నలుగురిలో చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నోరు తెరవదు.

పరీక్ష రోజు ముగ్గురు పరీక్షకులు. మాస్టారూ, నేనూ ఆవిడ పక్కన. ఓడలకిచ్చే హెచ్చరిక ఐదు నిమిషాల్లో చదివెయ్యాలి.

"చెయ్యి తీయండమ్మా, వినపడట్లేదు," అంది పెద్ద పరీక్షకురాలు బోల్‌హైస్.

హిల్యే తీయలేదు. ముగ్గురూ ఆవిడ మూతికేసే చూస్తున్నారు. రెండు నిమిషాలు గడిచాయి. గడియారం నా చేతిలోనే ఉంది.

సరిగ్గా అప్పుడే మా మహానుభావుడు లేచి జేబులోంచి మూడు అద్దాలు తీశాడు. ఇక హిల్యే కొంప మునిగినట్టే అనుకున్నాను.

"వీర్సెమా గారూ, ఇది పరీక్ష హాలు. మంగలి షాపు కాదు."

"అందుకేనండి. మీ నోరు ఎంత తెరుచుకుంటుందో చూసుకోకుండా ఆవిడకి మార్కులెలా వేస్తారు? ఆవిడ చదువుతుంటే మీరూ అద్దంలో చూసుకుంటూ లోలోపల పలకండి."

"నాకు నోరు తెరవడం రాదంటారా?"

"నేనెందుకంటాను? అద్దమే చెప్తుంది."

బోల్‌హైస్‌కి రోషం వచ్చింది. అద్దం లాక్కుంది. మిగతా ఇద్దరూ తప్పదన్నట్టు తీసుకున్నారు. ముగ్గురూ మూతులు సాగదీసుకుంటూ, గుడ్లు మిటకరిస్తూ ఎవరి అద్దంలో వాళ్ళు మునిగిపోయారు. మాస్టారు హిల్యే చెవి దగ్గర వంగి, "ఎవరూ చూడట్లేదమ్మా, చదువు," అన్నాడు.

అప్పటికి వెలిగింది నా బుర్ర. నేనూ గబుక్కున తల గడియారం మీదికి దించేశాను.

మొదటి మాట వంకర పోయింది. రెండోది నిలబడింది. ఇసుక మేట ఉంది, వెనక్కి మళ్ళండి, లంగరు వెయ్యండి... ఒక్కో అచ్చూ విచ్చుకుంటూ వచ్చింది. ఇరవై సెకన్లు మిగిలుండగా చదవడం ముగించింది. ముగ్గురూ పాస్ వేశారు.

బయటికొచ్చాక మాస్టారిని దులిపేశాను. "పన్నెండేళ్ళు అద్దాలు తుడిపించారు. ఇందుకని ఒక్క ముక్క చెప్తే మీ సొమ్మేం పోయేది?"

"చెబితే నువ్వూ జాలిగా ఆవిడకేసే చూసేదానివి. పళ్ళూడినవాళ్ళో, నత్తివాళ్ళో, ప్రతి క్లాసులో ఒకరుంటారు."

ఆయన్ని తిట్టాలో దణ్ణం పెట్టాలో నాకు తెలియలేదు.

రేవు గట్టున చేపల బండి దగ్గర హిల్యే నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ ఉప్పులో ఊరిన మెత్తటి పచ్చి చేపని ఇంటికి తీసుకుపోయి తలుపేసుకుని తిన్న మనిషి, ఇప్పుడు మా ఊళ్ళో అందరూ తినేలాగే తోక పట్టుకుని, తల వెనక్కి వంచి, నడిబజార్లో నోరు బార్లా తెరిచింది. మాస్టారు మర్యాదగా సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

"అటెందుకు చూస్తారు మాస్టారూ, ఇటు చూడండి," అని నోట్లో చేపతోనే కేకేసింది హిల్యే.