మామ్మగారికి ట్యూషన్

మతిమరుపు మీద పరిశోధన చేయడానికి రాజమండ్రి వెళ్తున్నానంటే జంగారెడ్డిగూడెంలో మా చుట్టాలు ఒకటే నవ్వు. "దానికి అంత దూరం ఎందుకమ్మా, మీ బాబాయిని చూడు, పొద్దున పెట్టిన బండితాళం సాయంత్రానికి దొరకదు" అన్నారు. మా నాన్న మాత్రం పామాయిల్ తోటకు బయలుదేరుతూ "ఏదో ఒకటి, ఉద్యోగమేగా" అన్నాడు. అవును, ఉద్యోగమే. ఏడాది కాంట్రాక్టు. అప్పగించిన ఇళ్ళన్నీ సమయానికి తిరిగి కాగితాలు నింపితే ఇంకో ఏడాది పొడిగిస్తారు. మానవాళికి నేను చేయబోయే సేవ గురించి ఇంటర్వ్యూలో చాలా మాట్లాడాను గానీ, చేరిన వారానికే నాకు అర్థమైంది ఇదొక్కటే.

డిమెన్షియా అంటే బండితాళం మర్చిపోవడం కాదు. మనిషి తనకు తెలిసినవన్నీ ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటూ, చివరికి తన వాళ్ళనే పోగొట్టుకునే జబ్బు. నయం చేసే మందు లేదు. మా ప్రాజెక్టు పని, పెద్దవాళ్ళ ఇళ్ళకు ఆరునెలలకోసారి వెళ్ళి అవే ప్రశ్నలు అడిగి, జ్ఞాపకశక్తి ఎంత తగ్గిందో రాసుకోవడం. ఇది ఏ నెల, ఏ వారం, నేను చెప్పే మూడు మాటలు కాసేపాగి తిరిగి చెప్పండి, వందలోంచి ఏడేడు తీసేస్తూ వెళ్ళండి, ఈ బొమ్మ చూసి గీయండి. మొత్తం ముప్పైకి. దాన్ని మార్కులు అనకూడదు, స్కోరు అనాలని మా ప్రొఫెసరుగారు మొదటిరోజే హెచ్చరించారు. సందు సందునా ర్యాంకుల ఫ్లెక్సీలు వేలాడే ఊళ్ళలో, ముప్పైకి ఇన్ని అన్నాక మార్కులు అనుకోనివాడు ఎక్కడ దొరుకుతాడో మాత్రం ఆయన చెప్పలేదు.

నాకు వచ్చిన ఇళ్ళలో ఒకటి ధవళేశ్వరంలో, కాలువగట్టుకు ఎదురుగా. ఆటో దిగి అడిగితే "మేష్టారి ఇల్లా అండి?" అని చూపించారు. ఆ మేష్టారు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య, తల్లి, ఆయన, ముగ్గురే ఇంట్లో. ఆ తల్లినే నేను చూడాల్సింది. ఆమెను మామ్మగారు అని పిలిచాను.

ఆ మొదటి పూట నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఈ ఉద్యోగంలో నేను సంతోషంగా గడిపిన పూటలు తక్కువ. మామ్మగారు నా చేతులు చూసి "గాజులు వేసుకోవేంటే అమ్మడూ" అని మొదలుపెట్టారు. ఇది ఏ కాలం మామ్మగారూ అంటే కిటికీలోంచి చూసి "కాలవకి నీళ్ళు కట్టేశారుగా, కనపడట్లేదా? ఎండాకాలం" అన్నారు. నెల అడిగితే "ఏదైతే ఏంటి, ఆవకాయ పెట్టేశాంగా" అన్నారు. రెండు పంచకోణాలు ఒకదానిమీద ఒకటి పడినట్టున్న బొమ్మ ఇచ్చి, చూసి గీయమంటే, కాగితం నిండా చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసేశారు. ఎంత బాగుందో ఆ ముగ్గు. నిబంధన ప్రకారం సున్నా వేశాను. మూడు మాటలు "పడవ, తాళం, నిమ్మకాయ" అని చెప్పి, కాసేపాగి అడిగితే "నువ్వు చెప్పావు, నీకే గుర్తుండాలి" అని పకపకా నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.

నవ్వనిది మేష్టారొక్కరే. పరీక్ష జరిగేటప్పుడు ఇంట్లోవాళ్ళు పక్కన ఉండకూడదని మాకు నియమం. ఎవరి ముందుగదిలో కూర్చుని, వాళ్ళు పెట్టిన ఉప్మా తిని, వాళ్ళనే బయటికి వెళ్ళమంటానా? ఆ నియమం రాసినవాళ్ళు గోదావరి జిల్లాల్లో ఒక్క ఇంటి గడపైనా తొక్కి ఉండరు. మేష్టారు తల్లి వెనకాల కుర్చీలో కూర్చున్నారు. ప్రతి ప్రశ్నకూ ఆయన పెదాలు కదిలాయి. నేను లేచేటప్పుడు "ఎన్ని వచ్చాయండి?" అని అడిగారు. చెప్పకూడదండి అన్నాను. "లెక్కేసుకున్నాన్లెండి. పాస్ మార్కులు రాలేదు" అన్నారు.

ఆరునెలలు పోయాక వెళ్తే ముందుగదిలో తెల్లబోర్డు వేలాడుతోంది. దానిమీద తారీఖు, వారం, నెల. కింద పెద్ద అక్షరాలతో పడవ, తాళం, నిమ్మకాయ. నన్ను చూడగానే మేష్టారు బోర్డు తుడిచేశారు, కాపీ కొట్టించారన్న మాట రాకూడదని కాబోలు. మామ్మగారు అన్నీ చెప్పారు. వందలోంచి ఏడేడు తీసేస్తూ ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయారు. పంచకోణాలు వణుకుతూ గీశారు గానీ, మూలలన్నీ కలిశాయి. నా గాజుల సంగతి ఎత్తలేదు. కిటికీవైపు చూడలేదు. మేష్టారి మొహం వెలిగిపోతోంది.

గేటుదాకా సాగనంపడానికి వచ్చిన ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నారు. "పొద్దున లేవగానే ఇదే గొడవమ్మా. అన్నీ చెప్తేగానీ కాఫీ ఇవ్వనివ్వరు. ఆవిడ కాఫీ మనిషి. ఒక్కోరోజు ఏడుస్తారు. ఈయన నేను చెప్తే వినరు, మీరు చెప్తే వింటారేమో" అన్నారు.

వెనక్కి వెళ్ళి చెప్పాను. ఇది చదివితే పాసయ్యే పరీక్ష కాదండి, జబ్బు ఎంత ముదిరిందో చూసుకోవడానికి మాత్రమేనండి, బట్టీ పెట్టిస్తే జబ్బు తగ్గదండి, ఆవిణ్ణి ఆవిడ మానాన ఉండనివ్వండి అన్నాను. ఆయన ఓపికగా విన్నారు. వెనక బెంచీ పిల్లవాడి తండ్రి చెప్పే సాకులు విన్నట్టు విన్నారు.

"చూడండమ్మా, మీరు నిన్నగాక మొన్న వచ్చారు. ఇక వీడు పనికిరాడని ఇంట్లోవాళ్ళే వదిలేసిన వాళ్ళని గట్టెక్కించానండి నేను. ప్రాక్టీసు లేక గానీ, రానిదంటూ ఉండదు." తర్వాత గొంతు తగ్గించి, "మా అమ్మండి. పొలం పనులు చేసి నన్ను చదివించింది. ఆవిడ ఫెయిలవుతుంటే కుర్చీలో కూర్చుని చూడమంటారా?" అన్నారు.

నాకు ఆయనమీద జాలి కలిగింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు. ఏడ్చేది ఆయన కాదు.

రాజమండ్రి తిరిగొచ్చి ప్రొఫెసరుగారికి అంతా చెప్పాను. ఈ ఇంటి స్కోరు లెక్కలోకి తీసుకోవద్దండి, పోనీ ఆ మూడు మాటలైనా మార్చండి, ఇంకెవరినైనా పంపి ఆయనకు నచ్చజెప్పించండి అన్నాను. మాటలు మధ్యలో మారిస్తే పాత స్కోరుతో పోల్చడానికి వీలుండదన్నారు. అది నిజమే. మిగతా దానికి మాత్రం నవ్వి, "ఇంట్లోవాళ్ళు శ్రద్ధ తీసుకుంటే మంచిదేగా అమ్మా. స్కోరు పెరిగిన ఇల్లు మనకి అదొక్కటే" అన్నారు. తర్వాత ఒక సమావేశంలో ఆయన ఆ ఇంటి స్కోరు తెరమీద చూపించారు. పక్కనే రాసిన వివరణ, కుటుంబ ఆదరణ. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చుని నేనూ కొట్టాను. ఆ నెలలోనే నా కాంట్రాక్టు పొడిగించారు. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా నాన్న మిఠాయి పంచాడట. నామీద నాకే వచ్చిన కోపం ఎవరిమీద చూపించాలో తెలియక మా అమ్మమీద అరిచాను.

మూడోసారి వెళ్ళేసరికి మామ్మగారు ముందుగదిలో సిద్ధంగా ఉన్నారు. తల దువ్వి, ఉతికిన చీర కట్టించి కూర్చోబెట్టారు. బాగా చిక్కిపోయారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహంలోకి చూడకుండా కూర్చున్నారు. సంచీలోంచి నేను కాగితాలు తీయకముందే మొదలుపెట్టారు. తారీఖు, వారం, నెల, ఊరు, పడవ, తాళం, నిమ్మకాయ, తొంభైమూడు, ఎనభైఆరు. ఒక్కటీ తప్పలేదు. ప్రతి జవాబు చివరా "అండి" అంటున్నారు. మొదటిరోజు నన్ను అమ్మడూ అన్న మనిషి నాకు అండి అంటుంటే, కాగితాలు తీసి తలెత్తకుండా రాసుకున్నాను. మేష్టారు వెనక కుర్చీలో కళ్ళు మూసుకుని తలాడిస్తున్నారు.

కాగితాలు మడిచి పక్కన పెట్టాను. మామ్మగారి పక్కకు జరిగి, వెనక్కి చూపించి అడిగాను. "మామ్మగారూ, ఈయనెవరండి?"

"మేష్టారండి" అన్నారు వెంటనే.

"మీకేమవుతారు?"

మామ్మగారు భయంగా వెనక్కి తిరిగి కొడుకు పెదాలవైపు చూశారు, ఆయన అందిస్తారేమోనని. ఆయన పెదాలు కదల్లేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మేష్టారు అన్నారు. "ఆ ప్రశ్న మీ టెస్టులో లేదు కదండి."

"లేదండి" అన్నాను. ముప్పైకి ముప్పై వేసి సంతకం పెట్టాను.