నుదుటి మీది కళ్లజోడు

2018 వేసవి. ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రి బ్రాంచిలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. డాక్టరు చూడకముందే పేషంటు కళ్లు పరీక్షించి, పవర్ తేల్చి, మెషీన్ల మీద కొలతలు తీయడం నా పని. లేజర్ ఆపరేషన్లు మాత్రం మెయిన్ బ్రాంచిలో జరిగేవి. మా గేటు ముందు ఆటోలు ఆగేచోట పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఒక అమ్మాయి కళ్లజోడును రెండు ముక్కలు చేస్తూ నవ్వుతుంటుంది. కింద 'పది నిమిషాల్లో కళ్లజోడుకు సెలవు' అని ఉంటుంది. ఆ ఫ్లెక్సీ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దాన్ని కట్టించిన వాళ్ల మీదే కాదు, రోజూ దాని కిందుగా లోపలికి నడిచివెళ్లి జీతం తీసుకున్న నా మీద కూడా.

బ్రహ్మయ్య ఆ ఫ్లెక్సీ చూసే వచ్చాడు. నలభై ఆరేళ్ల మనిషి, జమ్మలమడుగు నుంచి రోజూ బండి మీద ప్రొద్దుటూరుకు పనికి వచ్చిపోతుంటాడు. రెండు కళ్లకూ మైనస్ నాలుగున్నర.

"ఎండకు చెమట పట్టి జారిపోతాండాయమ్మా. వానొస్తే దావ కనపడదు. ఎదురుగా లారీ వస్తే ఇంగ దేవుడే దిక్కు. ఈ పీడ తీసేయండి నాకు" అన్నాడు.

"ఏం పని చేస్తావన్నా?"

"గోల్డ్ షాపులో."

ఫారంలో వృత్తి అన్నచోట అదే రాశాను. ప్రొద్దుటూరులో ఆ మాట రోజుకు పదిసార్లు వింటాం. కౌంటరు వెనక నిలబడి నగలు చూపించే మనిషి అనుకున్నాను. ఇంకో ప్రశ్న అడగలేదు.

ఆ తర్వాత నాకు బాగా వచ్చిన పని మొదలుపెట్టాను. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది. అదే కార్నియా. దాని వంపు ఎక్కడ ఎంత ఉందో రంగుల పటంగా తీసే పరీక్ష టోపోగ్రఫీ. వంపు ఒకచోట అదుపు తప్పి ముందుకు పొడుచుకొస్తుంటే ఆ కంటికి లేజర్ చేయకూడదు. పొర మందం కొలిచేది పాకిమెట్రీ. మైనస్ పవర్ ఉన్న కంట్లో వెలుగు చేరాల్సిన చోటుకన్నా ముందే కలుస్తుంది. లాసిక్ అనే ఈ లేజర్ ఆపరేషన్‌లో పైపొరను రెప్పలా తెరిచి, లేజర్‌తో మధ్యభాగాన్ని కొంచెం అరగదీసి, వంపు తగ్గిస్తారు. బ్రహ్మయ్య పటాలు చూసి నేనే ముచ్చటపడ్డాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మందం కావలసినంత ఉంది. 'ఆపరేషన్‌కు తగిన కేసు' అని రాసి సంతకం పెట్టాను.

అంగీకార పత్రం చేతికిచ్చినప్పుడు ఆయన ఒక పని చేశాడు. కళ్లజోడు నుదుటి మీదికి జరిపి, కాగితాన్ని ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని, అట్టడుగున చీమతలకాయలంత అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని గడగడా చదివేశాడు. 'నలభై ఏళ్లు దాటినవారికి దగ్గరి పనికి అద్దాలు అవసరం కావచ్చు.'

నాకు నవ్వొచ్చింది. "ఏందన్నా, అద్దాలు కండ్లకా, నుదురుకా?"

ఆయనా నవ్వాడు. "దగ్గరికి అవెందుకమ్మా, అడ్డం!"

ఆ మనిషి తన కంటి సంగతంతా ఆ ఒక్క మాటలో చెప్పేశాడు. నేను నవ్వి, తర్వాతి పేషంటును పిలిచాను.

లేజర్ అయిన పదిరోజులకు చెకప్‌కు వచ్చాడు. కళ్లజోడు లేకుండా చార్టులో ఆరు బై ఆరు వరుస చదివాడు. దూరపు చూపుకు అది నిండు మార్కు. డాక్టరుగారు ఆయన భుజం తట్టి, ఫైలులో 'సక్సెస్' అని రాశారు. బ్రహ్మయ్య లేవలేదు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో కందిబద్దలో సగం కూడా లేని కెంపు ఉంది.

"దూరం శానా బాగుంది సార్. కాదనను. ఈ రాయి కనపడ్లేదు."

"నలభై దాటితే ఎవరికైనా దగ్గరి చూపు తగ్గుతుంది. దానికీ ఆపరేషన్‌కూ సంబంధం లేదు. రీడింగ్ గ్లాసెస్ రాసిస్తారు, వాడుకోండి."

"మొన్నటిదాకా కనపడ్తాండె గదా సార్? ఆపరేషన్ ముందురోజు గూడా కమ్మల జతకు రాళ్లు పొదిగినా. నా పనే అది."

అప్పుడు తెలిసింది నాకు. గోల్డ్ షాపులో పని అంటే కౌంటరు వెనక నిలబడటం కాదు. మైనస్ నాలుగున్నర ఉన్న కంటికి, అద్దాలు తీస్తే సరిగ్గా జానెడు దూరంలో స్పష్టంగా కనిపిస్తుంది. వయసుతో అందరికీ తగ్గే దగ్గరి చూపు ఆయన్ను బాధించలేదు. రీడింగ్ గ్లాసులనుగాని, భూతద్దాన్నిగాని తలచుకోకుండా ఆ జానెడు దూరంలోనే పాతికేళ్లు పనిచేశాడు. మేం వంపు సరిచేయడం అంటే ఆ జానెడునూ ఆయన దగ్గర్నుంచి లాక్కోవడమే. సంబంధం లేదట!

ఆయన వెళ్లాక డాక్టరుగారి గదిలోకి వెళ్లాను. "సార్, ఆయన బతికేదే దగ్గరి చూపు మీద. మనం దాన్ని తీసేశాం."

"పత్రంలో ఆ సంగతి రాసే ఉంది. సంతకం పెట్టాడు కదా?"

ఆ వాక్యాన్ని ఆయన ఏ కళ్లతో చదివాడో నేను చూశాను. ఆ కళ్లు ఇప్పుడు ఆయనకు లేవు. ఈ మాట అంటే డాక్టరుగారికి కోపం వచ్చింది. "అంత ఆసక్తి ఉంటే ఎంబీబీఎస్ చదవాల్సింది" అన్నారు.

మరునాడు మధ్యాహ్నం బ్రహ్మయ్య పనిచేసే చోటికి వెళ్లాను. బంగారు అంగళ్ల వెనక సందులో, మేడమీద ఇరుకు గది. నలుగురు కింద కూర్చుని పనిచేస్తున్నారు. కమ్మల పని పక్కాయన ముందుంది. బ్రహ్మయ్య గొలుసులకు మెరుగు పెడుతున్నాడు. నన్ను చూసి పట్టుకారుతో ఒక రాయి ఎత్తాడు. ఎడమచెయ్యి దానంతటది నుదుటి వైపు లేచింది, కళ్లజోడు పైకి జరపడానికి. అక్కడ ఏమీ లేదు. చెయ్యి దించుకున్నాడు.

"సేటు మంచోడే. 'కొన్నాళ్లు సులువు పని చెయ్ బ్రహ్మయ్యా' అన్నాడు. నా పని నా కండ్ల ముందరే పక్కోడు చేస్తాంటే ఎట్లుంటుందమ్మా నాకు?"

టేపుతో ఆయన కంటికీ, రాయి పట్టుకున్న చేతికీ మధ్య దూరం కొలిచాను. మేం రాసిచ్చిన అద్దాలు పేపరు చదివే దూరానికి పనికొస్తాయి, ఈ పనికి రావు. అదీ మా తప్పే. ప్లస్ మూడున్నరతో ఆ దూరానికే పనికొచ్చే అద్దాలు చేయించి ఇచ్చాను. రాయి కనిపించింది. రెండు మూడు నెలలకు కమ్మల పనీ ఆయన చేతికి తిరిగొచ్చింది. కానీ తలెత్తితే గదంతా మసక. వాకిట్లోకి ఎవరొచ్చారో తెలియాలంటే అద్దాలు తీయాలి. బంగారం అతికే దీపం మంట దగ్గర చెమటకు అవీ జారుతాయి. రోజుకు రెండు గంటలు బండి మీద పెట్టుకునే కళ్లజోడును భరించలేక వచ్చిన మనిషికి, పది గంటలు పెట్టుకోవాల్సిన మందపాటి కళ్లజోడు తగిలించి పంపాం. ఫైలులో మాత్రం సక్సెస్!

అన్నిటికన్నా నాకు కడుపు మండే సంగతి ఇంకొకటి. దీన్ని ముందే కనిపెట్టడానికి లక్షల మెషీను అక్కర్లేదు. ఆయన కళ్లజోడు ఆయన ముఖం మీదే ఉంది. 'అన్నా, అది పైకి జరపకుండా, దాంట్లోంచే ఆ అక్షరాలు చదువు' అని ఉంటే చాలు. లేజర్ తర్వాత దగ్గరి చూపు ఎట్లా ఉంటుందో కుర్చీలో కూర్చునే తెలిసిపోయేది. వద్దని లేచి వెళ్లిపోయేవాడు. కార్నియా వంపును అణువణువూ కొలిచిన నేను ఆ రెండు నిమిషాల పని చేయలేదు.

ఆ ఏడాది చివర్లో అక్కడ మానేశాను. ఇప్పుడు పులివెందులలో సొంతంగా కళ్లద్దాల అంగడి పెట్టుకున్నాను. నలభై దాటిన వాళ్లెవరైనా లేజర్ మాటెత్తితే, కళ్లజోడు తీయకుండా వాళ్ల పనిని నా ముందు చేసి చూపించమంటాను. టైలరైతే సూదిలో దారం ఎక్కించాలి. కొందరు విసుక్కుంటారు. 'కేసులు వెనక్కి పంపుతున్నావట' అని పాత ఆసుపత్రి నుంచి ఒకసారి ఫోను కూడా వచ్చింది. అవునన్నాను.

పోయిన ఏడు బ్రహ్మయ్య పవర్ మార్పించుకోవడానికి ముద్దనూరు మీదుగా బస్సెక్కి వచ్చాడు. ఇన్నేళ్లూ చెప్పని మాట అప్పటికి బయటికొచ్చింది. "తప్పు నాదేనన్నా" అన్నాను. ఆయన కొత్త అద్దాలు తుడుచుకున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఆ పొద్దు నేను అద్దాలు పైకి జరిపితే నువ్వు నవ్వితివి గదమ్మా" అన్నాడు. "ఎందుకు జరిపినావని అడిగింటే చెప్పేవాన్ని."