ఉద్దనపల్లి దాటాక ఆగిన కారు

మా అత్త నా పక్కన ముందు సీటులో కూర్చున్నది ఆ రోజే మొదటిసారి. అంతకుముందు ఎక్కడికి వెళ్లినా మా ఆయనే నడిపేవాడు. అత్త వెనక కిటికీ పక్కన కూర్చుని, దిగేదాకా నోరు విప్పేది కాదు. ఆ రోజు ఆయనకు ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. కృష్ణగిరిలో పని మాత్రం ఆగేది కాదు.

పొలం కాగితాల్లో అత్త పేరు తప్పు పడింది. కంప్యూటరులో ఎక్కించేటప్పుడు ఒక్క అక్షరం మారిపోయి, కాగితం ప్రకారం ఆ పొలం ఇంకెవరో ఆవిడదయింది. మనిషే స్వయంగా వచ్చి వేలిముద్ర వేస్తే సరిచేస్తామని ఆఫీసులో చెప్పారు. నాకు బడికి సెలవు దొరికింది. సరే, మనమిద్దరమే పోదాం అన్నాను. ఆమె తల ఊపింది.

మా ఇద్దరి మధ్య మాటలు అంతే ఉండేవి. గొడవలేమీ లేవు. పొలం కౌలుకిచ్చి ఆమె హొసూరులో మా ఇంటికి వచ్చి రెండేళ్లయింది. పొద్దున్నే లేచి రాగిముద్దకు ఎసరు పెడుతుంది, నేను బడికి పోతాను. సాయంత్రం నేను వచ్చేసరికి మిద్దెమీద ఆరిన బట్టలు మడిచి ఉంటాయి. తిన్నావా అంటే తిన్నాను, నిద్రపట్టిందా అంటే పట్టింది. నేను ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆమె బడికి పోలేదు. మాట్లాడుకోవడానికి ఏముంటుందని నేనే అనుకుని, అక్కడితో వదిలేశాను.

ఇక కారు సంగతి. అది నాకంటే ఎనిమిదేళ్లే చిన్నది. మా నాన్న కొన్నది. ఆయన కళ్లకు ఎదురుగా వచ్చే బండి రెండుగా కనబడడం మొదలయ్యాక తాళం నా చేతిలో పెట్టాడు. డిక్కీలో ఉన్న సామాన్ల సంచి మాత్రం ఎప్పుడూ తీయొద్దన్నాడు. తీయలేదు, విప్పి చూడనూ లేదు.

హైవేలో లారీల మధ్య నడపడం నాకు భయం. అందుకని ఉద్దనపల్లి, రాయకోట మీదుగా పోయే దారి పట్టాను. రెండు పక్కలా టమాటా తోటలు, అక్కడక్కడ గులాబీల షెడ్లు. అద్దాలు దించుకుని హాయిగా పోతున్నాం. ఉద్దనపల్లి దాటి రెండు మూడు కిలోమీటర్లు పోయామో లేదో, ఇంజన్ ఆగిపోయింది. తడబడలేదు, దగ్గలేదు. ఇంట్లో కరెంటు పోయినట్టు ఒక్కసారిగా చప్పుడంతా పోయింది. ఉన్న వేగంతోనే కారును రోడ్డు పక్కకు, ఒక టీ కొట్టు ముందుకు తెచ్చి నిలిపాను.

తాళం తిప్పితే ఇంజన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. నాలుగుసార్లు తిప్పాను. మా ఆయనకు ఫోన్ చేశాను. షిఫ్టులో ఫోన్లు లాకరులో పెడతారు కదా, మోగి మోగి ఆగిపోయింది. హొసూరులో మాకు తెలిసిన మెకానిక్‌ను పట్టుకుంటే, చేతిలో ఇంకో బండి ఉంది, మధ్యాహ్నం పైన వస్తానన్నాడు. టీ కొట్టు ఆయన గ్లాసులు కడుగుతూనే ఇది పెట్రోలు సమస్య అని తేల్చేశాడు. పైపు విప్పి నోటితో ఊదితే సరిపోతుందట. ఊదడానికి తానే వస్తానని కూడా అన్నాడు.

"పెట్రోలు కాదప్పా," అంది అత్త. ఆమె ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. "పెట్రోలు అయిపోతే దగ్గి దగ్గి నిలుస్తాది. ఇది టక్కని నిలిచింది. నిప్పు రాలేదు దీనికి."

కొంగు నడుముకు దోపుకుని, బానెట్ ఎత్తమంది. వేడి ఇంజన్ మీద ఎక్కడ చెయ్యి పెట్టి కాల్చుకుంటుందోనని నేను జంకుతూనే ఎత్తాను. ఆమె ఏదీ ముట్టుకోలేదు. కొత్త ఇంటి వంటగదిలో ఉప్పెక్కడ, పప్పెక్కడ అని వెతికినట్టు కాసేపు అటూ ఇటూ చూసింది.

"మన ఇంజన్‌కి ఒకటే ఉండె. దీనికేమో శానా ఉండాయి," అంది. ప్లగ్గుల గురించి.

మన ఇంజన్ ఏమిటని అడిగాను. అప్పుడు చెప్పింది. పొలంలో బావి దగ్గర పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో నడిపే చిన్న పంపు ఇంజన్ ఉండేదట. కరెంటు మోటారు పెట్టించేదాకా పన్నెండేళ్లు తోటకు నీళ్లు పారింది దానితోనే. మా మామ పొద్దున తాడు లాగి స్టార్ట్ చేసి పాలు పోయడానికి పోయేవాడు. ఆయన అటు పోగానే అది ఆగేది. మడిలో నీళ్లు సగం పారి ఉంటాయి, ఊళ్లో మెకానిక్ లేడు. ఒకసారి కృష్ణగిరి దగ్గరి పోచంపల్లి సంతకు వచ్చిన మెకానిక్‌ను మామ ఇంటికి తీసుకొస్తే, అతను పని చేస్తున్నంతసేపూ ఈమె పక్కన నిలబడి చూసింది. తర్వాత ఎవరినీ పిలవలేదు.

డిక్కీలో సంచి తెచ్చి విప్పాను. ప్లగ్గు స్పానర్, స్క్రూడ్రైవర్, రెండు తీగలు తగిలించిన చిన్న బల్బు, పాత బనియన్ గుడ్డలు. బల్బు చూడగానే అత్త మొహం విప్పారింది. మీ నాయన తెలిసినాయన అంది. మా పెళ్లయిన ఇన్నేళ్లలో మా నాన్న గురించి ఆమె అన్న మొదటి మంచి మాట అది.

ఆ తర్వాత ఆమె చెప్పడం, నేను చేయడం. ఒక ప్లగ్గు ఊడదీసి, దాని తీగకే మళ్లీ తగిలించి, ఇంజన్ ఇనుము మీద ఆనేలా పడుకోబెట్టాను. నన్ను తాళం తిప్పమంది. టీ కొట్టు ఆయన కూడా వచ్చి వంగి చూశాడు. నిప్పు లేదు. రెండో ప్లగ్గు, అదీ అంతే. అన్నీ ఒకేసారి చెడిపోవు, తప్పు ప్లగ్గుల్లో లేదు అంది. ప్లగ్గులకు నిప్పు పుట్టించే కాయిల్ నుంచి వచ్చే లావు తీగను గుడ్డతో పట్టుకుని ఇనుముకు దగ్గరగా పెట్టి మళ్లీ తిప్పించింది. అక్కడా లేదు. కాయిల్‌కు అసలు కరెంటు వస్తోందా అని బల్బు పెట్టి చూస్తే, వెలిగింది. కరెంటు వస్తోంది. కాయిల్ దాకా వచ్చి, అక్కడినుంచి నిప్పుగా మారడం లేదు.

సరిగ్గా ఇక్కడ నాకు సిగ్గేసింది. ఈ కాయిల్ బొమ్మను నేను పదిహేనేళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను. లోపల ఒక చుట్ట, బయట ఒక చుట్ట, పక్కన బాణం గుర్తులు. పిల్లలకు అయిదు మార్కుల ప్రశ్న. ఆ బొమ్మ ఇలా నల్లటి డబ్బాగా, జిడ్డుతో నా ముందు ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

అత్త ఇప్పుడు బల్బును కాయిల్ రెండో వైపు పెట్టింది. నేను తాళం తిప్పుతుంటే బల్బు మినుకు మినుకుమనాలట. అది అసలు వెలగనే లేదు.

"కరెంటు వస్తే నిప్పు రాదమ్మా," అంది, నా వైపు చూడకుండా. "వచ్చేది తెగల్ల. తెగినప్పుడే నిప్పు. ఇది యాడో ఇనుముకు ఆనుకోనుండాది. తెగేదే లేదు."

నేను తరగతిలో ఇరవై నిమిషాలు చెప్పేది ఇదే. ఇన్ని తక్కువ మాటల్లో నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

ఇంజన్ పక్కన పొట్టి మూతలాంటిది ఉంటుంది. దానిలోపల రెండు చిన్న లోహపు ముక్కలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. వాటినే పాయింట్లు అంటారు. కరెంటును తెంచేది అవే. మూత తీశాం. పాయింట్లు కాస్త నల్లబడ్డాయి. టీ కొట్టు ఆయన ఖాళీ అగ్గిపెట్టె ఇస్తే, దాని గరుకు అంచుతో అత్త వాటిని రుద్దింది. అయినా బల్బు వెలగలేదు. పక్కనే వేలంత డబ్బా ఉంది, కండెన్సర్. దాని తీగ విప్పి చూసింది. బల్బు అలాగే చచ్చినట్టుంది. అంటే అదీ కాదు. మిగిలింది లోపలికి పోయే సన్నటి తీగ ఒక్కటే.

అత్తకు దగ్గరివి మసకగా కనబడతాయి. నన్ను చూడమంది. నేను తల లోపలికి పెట్టి, ఫోన్ లైటు వేసి, ఆ తీగ వెంబడి వేలితో తడుముతూ పోయాను. పళ్లెంలాంటి రేకు అంచు దగ్గర తీగ పైతొడుగు చిట్లిపోయి ఉంది. లోపలి రాగి బయటపడి రేకును తాకుతోంది.

"అత్తా, ఈడ," అన్నాను. నా నోట ఆమె మాట ఎలా వచ్చిందో తెలియదు.

టేపు లేదు. నా హ్యాండ్‌బ్యాగులో చెప్పు కరిస్తే వేసుకునే ప్లాస్టర్లు ఉన్నాయి. ఒకటి తీసి, మధ్యలో దూది కత్తిరించేసి, చిట్లినచోట రెండు చుట్లు చుట్టాను. తీగను రేకుకు తగలకుండా పక్కకు వంచమంది, వంచాను. ఇప్పుడు తాళం తిప్పితే బల్బు మినుకు మినుకుమంది. మూత పెట్టేశాక, ప్లగ్గులు మళ్లీ బిగించేముందు నిప్పు చూద్దామని ఆమెను తాళం తిప్పమని, నేను ప్లగ్గు దగ్గర వంగాను. చిటుక్కున నీలిరంగు మెరుపు. చీమంత ఉంది. నేను ఇంకోసారి తిప్పమన్నాను. మళ్లీ చిటుక్. ఇంకోసారి అన్నాను.

"చాల్లేమ్మా, బ్యాటరీ పోతాది," అంది అత్త సీటులోంచి.

టీ కొట్టు ఆయన మా ఇద్దరికీ అల్లం టీ ఇచ్చాడు. పెట్రోలు అన్న తన మాటను ఆయన పూర్తిగా వదులుకోలేదు. పెట్రోలు కూడా ఒకసారి చూపించుకోమని చెప్పి పంపాడు.

కృష్ణగిరి ఆఫీసు చేరేసరికి భోజనాల వేళ దాటింది. గుమస్తా ఉన్నాడు, మిషన్ ఉంది, అత్త బొటనవేలు పెట్టింది. మిషన్ ఒప్పుకోలేదు. చూపుడు వేలు, అదీ లేదు. ఇంజన్ జిడ్డు వేలి గీతల్లో నల్లగా కూరుకుపోయింది. మీరేం పని చేస్తారని ఆయన తమిళంలో అడిగాడు. కారు బాగుచేసినాను అని ఆమె కూడా తమిళంలోనే చెప్పింది. ఆయన నవ్వి, వెనక కొళాయి చూపించాడు. సబ్బు లేదు. అత్త కొళాయి కింద మట్టి తీసుకుని, అంట్లు తోమినట్టు రెండు చేతులూ తోమింది. నాలుగోసారికి మిషన్ పచ్చగా వెలిగింది. పొలం మళ్లీ ఆమెదయింది.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెబితే నమ్మలేదు. ఆ ఇంజన్ నడిపింది మా నాయన కదా అన్నాడు. ఇన్నాళ్లూ ఆయన అలాగే అనుకున్నాడు.

"మీ నాయన స్టార్ట్ చేసి పోయేవాడు," అంది అత్త, ముద్ద కలుపుతూ. "నిలిచిపోతే నేనే చూడల్ల. నువ్వప్పుడు బడిలో ఉంటివి."

తర్వాతి ఆదివారం మెకానిక్ ఆ తీగ మార్చాడు. నా ప్లాస్టర్ విప్పుతూ చాలాసేపు నవ్వాడు. పనిలో పనిగా కండెన్సర్ కూడా మారుస్తానంటే, అత్త అది బాగుండాదప్పా, వద్దు అని అడ్డుపడింది. అతను నా మొహం చూశాడు. ఆమె చెప్పినట్టే చేయమన్నాను.

ఈ మధ్య ఆదివారాలు పొద్దున మా ఇంటికి దగ్గర ఇంకా ఇళ్లు కట్టని లేఅవుటు రోడ్లలోకి కారు తీసుకుపోతున్నాం. స్టీరింగ్ దగ్గర అత్త, పక్కన నేను. క్లచ్ ఇంకా అలవాటు కాలేదు, కదిలిన ప్రతిసారీ కారు మేకపిల్లలా గెంతుతుంది. ఇంజన్ ఆగినప్పుడు ఆమె కంగారుపడదు. తాళం వెనక్కి తిప్పి, ఒక్క క్షణం చెవి రిక్కించి విని, ఇది నా తప్పే, బండిది కాదు అంటుంది. మళ్లీ స్టార్ట్ చేస్తుంది. మలుపు దగ్గర చూసుకోమని నేను చెప్పేలోపే మలుపు తిప్పేసింది పోయిన వారం, ఫస్టు గేరులోనే, రోడ్డంతా తానే తీసుకుని.